గుంటకి బీపీ ఏటి, సోద్యం కాకపోతే!

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. ఆగస్టులో బడికి పిల్లల్ని పరీక్ష చేసే వైద్య బృందం వచ్చింది. బీపీ 128/78 ఉంది, ఆసుపత్రిలో చూపించండని చీటీ ఇచ్చారు. మా వీధిలో ఆర్‌ఎంపీ గారు చూస్తే 126/76. వారం తర్వాత పిల్లల డాక్టరు దగ్గర 124/76. ఆయన ‘మరీ ఎక్కువేం కాదు, బరువు కొంచెం తగ్గించండి, ఆరు నెలలకి రండి’ అన్నారు. మందు రాయలేదు. పాప పొడవు 154 సెంటీమీటర్లు, బరువు 62 కిలోలు. మావారికి 36 ఏళ్లకే బీపీ వచ్చింది, 150 ఉండేది, ఇప్పుడు మాత్ర వేసుకుంటున్నారు. మా మామగారిది ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉండి పోయారు. అందుకే నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఈ పిల్లకి కూడా అదే వస్తుందా? ఇప్పుడు కొంచెమే ఉన్న బీపీ పెద్దయ్యాక ఏమవుతుంది? మందు ఇప్పుడే మొదలెడితే మంచిది కాదా? మా అత్తగారైతే ‘గుంటకి బీపీ ఏటి, సోద్యం కాకపోతే! ఎవరికీ చెప్పకు, రేపు పెళ్లి చెయ్యాల్సిన పిల్ల’ అంటున్నారు. ఇంట్లో ఐదుగురం. ఆవకాయ లేకుండా ఎవరికీ ముద్ద దిగదు.
– ఒక తల్లి, నరసన్నపేట

జవాబు: అమ్మా, మీరు అంకెలన్నీ వరసగా, ఎవరు ఎప్పుడు చూశారో కూడా రాశారు. ఉత్తరాలు రాసేవాళ్లలో చాలామంది ‘బీపీ కొంచెం ఎక్కువుందన్నారండీ’ అని ఊరుకుంటారు. ఆ కొంచెం ఎంతో తెలియకుండా నేను చెప్పగలిగేది ఏమీ ఉండదు. మీకు మాత్రం వివరంగానే చెప్పగలను.

ముందు మీ డాక్టరుగారి మాట. ఆయన చెప్పింది సరైనదే. కాకపోతే ఓపీలో బయట నలభై మంది కూర్చుని ఉంటే ‘ఆరు నెలలకి రండి’ అన్న మాట వెనక ఉన్నదంతా విడమరిచి చెప్పే తీరిక ఉండదు. ఆ తీరిక ఇక్కడ నాకు ఉంది.

పదమూడేళ్లు నిండిన పిల్లలకి బీపీ లెక్క సులువు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2017లో మార్చిన కొలతలనే ఇప్పుడు చాలాచోట్ల పాటిస్తున్నారు. పై అంకె 120 లోపు, కింది అంకె 80 లోపు ఉంటే మామూలు. పైది 120 నుంచి 129 మధ్య ఉండి కిందిది 80 లోపే ఉంటే ‘కొద్దిగా పెరిగింది’ అంటారు. 130/80 నుంచి బీపీ జబ్బులో మొదటి మెట్టు, 140/90 నుంచి రెండో మెట్టు. మీ పాప మూడుసార్లూ ఆ ‘కొద్దిగా పెరిగింది’ అన్న గడిలోనే ఉంది. అంటే జబ్బు గుమ్మం ముందు నిలబడింది, లోపలికి అడుగు పెట్టలేదు. పదమూడు లోపు పిల్లలకైతే ఇంత తేలిక కాదు. వయసు, పొడవు, ఆడపిల్లా మగపిల్లాడా అన్నది చూసి పట్టికలో వెతుక్కోవాలి. ఎనిమిదేళ్ల పిల్లాడికి 120/80 ఉంటే అది ఎక్కువే. పెద్దవాళ్లకి అదే అంకె చూసి ‘బానే ఉంది’ అంటాం కాబట్టి చిన్నపిల్లల్లో చాలామందిది దాటిపోతుంది.

ఇక అసలు ఆ అంకె నిజమైనదేనా అన్న ప్రశ్న ఉంది. దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ విషయంలో నేనే ఒకసారి దెబ్బతిన్నాను. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన రోజుల్లో ఒక బొద్దుగా ఉండే కుర్రాడికి 138 ఉందని చెప్పి, ఆ తల్లిదండ్రుల్ని హడలగొట్టి, రక్తపరీక్షలన్నీ రాసి పంపాను. మర్నాడు నాకంటే పెద్దాయన ఒకరు అదే కుర్రాడికి చూస్తే 116. తేడా ఎక్కడొచ్చిందంటే, బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ నా దగ్గర ఉన్నది చిన్నపిల్లలది, వాడి చెయ్యేమో పెద్దవాళ్ల చెయ్యంత ఉంది. చెయ్యికి చాలని పట్టీ కడితే బీపీ లేనిది కూడా ఉన్నట్టు చూపిస్తుంది. పట్టీ మరీ పెద్దదైతే ఉన్నది తక్కువ చేసి చూపిస్తుంది. ఆ తల్లి తర్వాత నా దగ్గరికి మళ్లీ రాలేదు. నేనైనా వచ్చేవాణ్ణి కాదు.

అందుకని ఈసారి వెళ్లేముందు ఇంట్లో కుట్టుపని టేపుతో పాప చెయ్యి కొలవండి. భుజం ఎముకకీ మోచేతికీ సరిగ్గా మధ్యలో చుట్టుకొలత ఎంతుందో చూడండి. మామూలుగా పెద్దవాళ్ల పట్టీ మీద 22 నుంచి 32 సెంటీమీటర్లు అని రాసి ఉంటుంది. పాప చెయ్యి అందులో పడితే ఆ పట్టీయే కట్టమనండి. 32 దాటితే పెద్ద సైజు పట్టీ అడగండి. ‘చిన్నపిల్ల కదా’ అని చిన్న పట్టీ తీస్తుంటే మొహమాటపడకుండా చెప్పండి. మిగతావి కూడా చిన్నవే కానీ అంకె మార్చేస్తాయి. పాప మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీలో వీపు ఆన్చుకుని, కాళ్లు నేలకి ఆనేట్టు, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. కుడిచెయ్యి బల్ల మీద గుండె ఎత్తున ఉండాలి. బడిలో వరసలో నిలబెట్టి, వెనక స్నేహితురాళ్లు కిలకిలా నవ్వుతుంటే చూసిన 128ని నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. డాక్టరు దగ్గర 124 వచ్చిందే, అది నమ్మొచ్చు. అలాగని బడి బృందాన్ని తక్కువ చెయ్యడం లేదు. వాళ్ల పని పట్టుకుని పంపడం, ఆ పని వాళ్లు చేశారు. లేకపోతే పద్నాలుగేళ్ల పిల్లకి బీపీ చూడాలని ఎవరికి తోస్తుంది? నిజానికి మూడేళ్లు దాటిన ప్రతి బిడ్డకీ ఏడాదికోసారి చూడాలి. చూసేవాళ్లు తక్కువ.

డాక్టరు గదిలో అడుగు పెడితేనే బీపీ పెరిగే పిల్లలు కొందరుంటారు. దాన్ని తెల్లకోటు బీపీ అంటాం. అది తేల్చుకోవడానికి ఒక రోజంతా చేతికి కట్టి ఉంచే మిషన్ ఉంది. పడుకున్నప్పుడు కూడా మధ్యమధ్యలో తనే కొలుచుకుంటుంది. విశాఖలో దొరుకుతుంది. మీ పాపకి ఇప్పుడే అవసరం లేదు. ఏడాది గడిచినా అంకె దిగకపోతేనో, 130 దాటితేనో ఆలోచిద్దాం. ఇంట్లో మిషన్ కొంటే చేతికి కట్టేదే కొనండి, మణికట్టుకి కట్టేది వద్దు. అది కొన్నాక రోజూ పొద్దునా సాయంత్రం పిల్ల వెంట పడొద్దు. ఆ టెన్షన్‌కే పెరుగుతుంది.

ఇప్పుడు మీ పెద్ద ప్రశ్నకి వస్తాను. పెద్దయ్యాక ఏమవుతుంది?

చిన్నప్పటి బీపీ పెద్దయ్యాక కూడా వెంట వస్తుందా అని ప్రపంచంలో చాలాచోట్ల దశాబ్దాల పాటు చూశారు. అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని బొగలూసా అనే చిన్న ఊళ్లో 1973లో బడిపిల్లలతో మొదలుపెట్టి, వాళ్లు నడివయసు దాటేదాకా వదలకుండా పరీక్షిస్తూ వచ్చారు. ఫిన్లండ్‌లో 1980లో ఇలాంటిదే మొదలైంది. ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే తేలింది ఏమిటంటే, వెంట వస్తుంది, కానీ గట్టిగా పట్టుకుని రాదు. ఎనిమిదో తరగతిలో పిల్లల ర్యాంకులు చూసి ఇంజనీరింగ్‌లో ఎవరు ముందుంటారో చెప్పమంటే ఎంత చెప్పగలం? మొత్తానికి ముందు వరసవాళ్లు ముందే ఉంటారు, కానీ మధ్యలో ఎంతోమంది తారుమారవుతారు. బీపీ కూడా అంతే. అమెరికాలోనే మీ పాపలా కొద్దిగా పెరిగిన బీపీ ఉన్న టీనేజీ పిల్లల్ని రెండేళ్ల తర్వాత చూస్తే, అబ్బాయిల్లో 14 శాతం మందికి, అమ్మాయిల్లో 12 శాతం మందికి అది పూర్తి బీపీగా మారింది. అంటే అమ్మాయిల్లో వందకి 88 మంది రెండేళ్లకి ఆ గుమ్మం దాటలేదు. మీరు రాత్రి నిద్రపట్టక లెక్కలు వేసుకునేటప్పుడు ఆ 88ని కూడా లెక్కలోకి తీసుకోండి.

అయితే ‘ఏమీ కాదు పోండి’ అని కూడా నేననను. బీపీ 160 దగ్గర ఉన్నట్టుండి జబ్బుగా మారదు. నాళాల గోడలు మెల్లగా బిరుసెక్కడం, గుండె ఎడమ గది కండ కాస్త మందం కావడం ఇవన్నీ ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా జరుగుతాయి. పిల్లల్లో కూడా బీపీ పూర్తిగా ఉన్నవాళ్లకి గుండె స్కాన్ తీస్తే కొందరిలో ఈ మందం అప్పటికే కనపడుతుంది. మంచి సంగతేమిటంటే, బీపీ అదుపులోకి వస్తే అది చాలావరకు వెనక్కి తగ్గుతుంది. 2022లో అమెరికా, ఫిన్లండ్, ఆస్ట్రేలియా దేశాల పాత అధ్యయనాలు కొన్నిటిని కలిపి, 38 వేల మందికి పైగా పిల్లల్ని పెద్దవాళ్లయ్యేదాకా చూసిన ఫలితాలు వచ్చాయి. చిన్నప్పుడు బరువు, పై బీపీ, రక్తంలో కొలెస్టరాల్, ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు ఎక్కువ ఉన్నవాళ్లకీ, చిన్న వయసులోనే పొగ మొదలెట్టినవాళ్లకీ నడివయసులో గుండెపోటు, పక్షవాతం లాంటివి ఎక్కువ వచ్చాయి. ఇవి రెండు మూడు కలిస్తే ఇంకా ఎక్కువ.

అదే ఫిన్లండ్, బొగలూసా పిల్లలతో పాటు ఇంకో రెండు అధ్యయనాల పిల్లల్నీ కలిపి 2013లో చూసిన ఇంకో లెక్క ఉంది. నన్నడిగితే మీకు కావాల్సింది అది. చిన్నప్పుడు బీపీ ఎక్కువుండి పెద్దయ్యాక మామూలుకి వచ్చినవాళ్ల మెడ రక్తనాళాలు స్కాన్ చేశారు. చిన్నప్పుడూ పెద్దయ్యాకా ఎక్కువే ఉన్నవాళ్ల కంటే వాళ్ల నాళాలు బాగున్నాయి. అంటే పద్నాలుగేళ్ల వయసులో వచ్చిన 126 నుదుటి రాత కాదు. పద్నాలుగుకీ ముప్ఫైకీ మధ్య అది ఎక్కడ ఉంటుందన్నదే లెక్క. మీకు చేతిలో పదిహేనేళ్లకు పైగా సమయం ఉంది. మీ వారికి ఆ అవకాశం రాలేదు. ఆయనకి తెలిసేసరికే 150.

ఇక కిడ్నీ భయం. ఉద్దానం వైపు బంధుత్వం ఉన్న ఏ ఇంట్లోనైనా ఈ భయం ఉంటుంది, ఉండడం సహజం. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు… ఏ పల్లెకెళ్లినా ఎవరో ఒకరి పేరు చెబుతారు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి తెరిచేదాకా వైద్యం కోసం విశాఖకి తిరిగినవాళ్ల కష్టం నేను దగ్గర్నుంచి చూశాను. కానీ అమ్మా, ఆ జబ్బు దారి వేరు. ఉద్దానంలో కనిపించే కిడ్నీ జబ్బు ఎక్కువగా పెద్దవాళ్లకి, కొబ్బరి, జీడితోటల్లో, పొలాల్లో పనిచేసినవాళ్లకి వస్తుంది. అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. దాని తీరే విచిత్రం. మొదట్లో బీపీని పెద్దగా పెంచదు, మూత్రంలో ప్రోటీన్‌ని కూడా పెద్దగా పోనివ్వదు. అందుకే మనిషి బాగానే తిరుగుతూ ఉంటాడు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చేసేసరికి సగం పాడై ఉంటుంది. కాబట్టి మీ పాప బీపీ తాతగారి జబ్బుకి గుర్తు కాదు. పాప బీపీకి నాన్న పోలిక, ఆ అదనపు బరువు, ఈ రెండే చాలావరకు కారణం అనిపిస్తోంది.

అనిపిస్తోంది అన్నాను, తేల్చుకోవడం మంచిది. మీ ఇంటి చరిత్రని బట్టి నేనైతే ఒక్కసారి మూత్రపరీక్ష, రక్తంలో క్రియాటినిన్ చేయిస్తాను. పెద్ద ఖర్చు కాదు. మీ నిద్ర కోసమైనా చేయించండి. పిల్లల్లో బీపీకి కిడ్నీలు కారణం కావడం నిజంగానే ఉంది, ముఖ్యంగా బాగా చిన్నపిల్లల్లో. పసితనంలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు మాటిమాటికీ వచ్చి కిడ్నీ మీద మచ్చలు పడ్డవాళ్లు కొందరుంటారు. పాపకి చిన్నప్పుడు కారణం తెలియని జ్వరాలు వచ్చేవా? నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిందా? రాత్రుళ్లు గట్టిగా గురక పెడుతుందా? ఇవి డాక్టరుగారికి చెప్పండి, ఆయన అడక్కపోయినా.

ఇంకొకటి, తేలికగా అయ్యే పనే, అయినా చాలామంది చెయ్యరు. ఒకసారి కాలికి కూడా బీపీ చూడమనండి. కాలి బీపీ మామూలుగా చేతి కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. తొమ్మిదేళ్ల కుర్రాడు ఒకడు తలనొప్పి అని వచ్చాడు. కళ్లజోడు మార్చారు, తలకి నూనెలు మార్చారు. చేతికి చూస్తే బీపీ చాలా ఎక్కువ, తొడ దగ్గర నాడి మాత్రం అందీ అందనట్టు ఉంది. గుండె నుంచి వచ్చే పెద్ద ధమని పుట్టుకతోనే ఒకచోట ఇరుకు. విశాఖలో సరిచేశారు. మీ పాపది అలాంటిది కాదనే అనుకుంటున్నాను, 124 దగ్గర అలాంటివి అరుదు. అయినా నాడి చూడ్డానికి పట్టేది అర నిమిషం.

కిడ్నీల గురించే ఇంకో మాట. ఇజ్రాయెల్‌లో సైన్యంలో చేరేముందు పరీక్షించిన లక్షలాది మంది కుర్రవాళ్లని తర్వాత ఏళ్ల తరబడి గమనిస్తే, ఆ వయసుకే పూర్తి బీపీ ఉన్నవాళ్లలో కిడ్నీలు పూర్తిగా పాడయ్యే అవకాశం దాదాపు రెట్టింపు ఉంది. ఇలాంటి ‘రెట్టింపు’ రేపో మాపో మీ ఫోన్‌కి కూడా వస్తుంది, ఎర్ర అక్షరాలతో. చదివి గుండె బాదుకోకండి. పదివేలలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వచ్చినా రెట్టింపే. పైగా అది పూర్తి బీపీ ఉన్నవాళ్ల లెక్క, మీ పాప ఆ గదిలోకి ఇంకా వెళ్లలేదు.

మందు ఇప్పుడే మొదలెడితే మంచిది కాదా అన్నారు. కాదు. ఈ మెట్టు మీద, షుగరు గానీ కిడ్నీ జబ్బు గానీ లేని పిల్లకి మాత్ర అవసరం లేదు. ముందు ఆరు నెలలు తిండి, ఆట, నిద్ర సరిచేసి చూడాలి. 130/80 దాటి, ఇవన్నీ చేసినా దిగకపోతే, లేదా గుండె మీద ప్రభావం కనపడితే అప్పుడు మందు. అప్పుడైనా జీవితాంతం అనేమీ లేదు, బరువు దిగి బీపీ నిలకడగా ఉంటే ఆపి చూస్తాం. ఒక్క సంగతి గట్టిగా చెప్తాను. ఇంట్లో నాన్న మాత్రలున్నాయి కదా అని సగం విరిచి ఇవ్వడం లాంటివి చెయ్యకండి. చేసినవాళ్లున్నారు కాబట్టే చెప్తున్నాను.

మందు ఇవ్వడం కంటే, ఇప్పటికే ఏమైనా మందు బీపీని పెంచుతోందేమో చూడండి. నెలసరి సరిగ్గా రావడం లేదని హార్మోన్ మాత్రలు వాడుతోందా? వాటిలో కొన్ని పెంచుతాయి. నెలసరి నొప్పికి మాత్ర ఎప్పుడో ఒకటైతే పరవాలేదు, నెలకి పది రోజులు మింగితే బీపీకీ కిడ్నీకీ రెండింటికీ చేటే. ఉబ్బసానికి స్టెరాయిడ్ మాత్రలు, జలుబుకి ముక్కు దిబ్బడ తగ్గించే మాత్రలు కూడా అంతే. దగ్గుకి అతిమధురం చప్పరించడం మన ఇళ్లలో మామూలు. రోజుల తరబడి చప్పరిస్తే అది కూడా బీపీ పెంచుతుంది. ఈ మాట చెప్తే ‘వేరుముక్కకి కూడా వంక పెడతారా’ అని కోప్పడే పెద్దలుంటారు, అయినా నిజం అదే.

ఇక ఆవకాయ. నౌపడ ఉప్పు మడుల పక్కన పుట్టి పెరిగిన జిల్లాకి ఉప్పు మానెయ్యమని చెప్పే ధైర్యం నాకు లేదు. ఒక లెక్క మాత్రం వేద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పెద్దవాళ్లకి రోజుకి 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచాడు లోపే. మీ ఇంట్లో ఐదుగురు. నెలకి ముప్పావు కిలో. ఇప్పుడు మీ వంటింట్లో నెలకి ఎన్ని కిలో ప్యాకెట్లు అయిపోతున్నాయో చూసుకోండి. దానిమీద ఆవకాయలో ఉన్నది వేరు. కారం ఎన్ని గిన్నెలో ఉప్పూ ఇంచుమించు అన్ని గిన్నెలు పోస్తాం కదా. ఇక మాగాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, ఎండు నెత్తళ్లు, ఎండు రొయ్యలు వేరు. బడి నుంచి వస్తూ కొనే చిప్స్, సాయంత్రం బండి మీద నూడుల్స్ వేరు. నాకు ఆవకాయ కంటే ఆ బండి మీదే అనుమానం ఎక్కువ. ఆవకాయ ఎంత వేసుకున్నామో కంటికి కనపడుతుంది, సాసుల్లో ఉప్పు కనపడదు.

సైంధవ లవణం వాడితే సరిపోతుందా అని ఎలాగూ అడుగుతారు. అది కూడా ఉప్పే. రంగు వేరు. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ పరీక్ష బాగుందని తెలిసేదాకా దాని జోలికి పోవద్దు.

ఒక్క పూట, మొదటి ముద్దకి ఆవకాయ. పెరుగన్నంలోకి వద్దు. అన్నం వండేటప్పుడు ఉప్పు వెయ్యకండి. కంచం పక్కన ఉప్పు పెట్టడం మానెయ్యండి, మీ వారికి కూడా. అప్పడం బదులు కీరదోస ముక్కలో, జామకాయో. ఎండుచేప వారానికోసారి, బాగా నానబెట్టి కడిగి. చోడి అంబలి మంచిదే, కానీ దాన్ని ఊరమిరపకాయతో కాకుండా ఉల్లిపాయతో తాగాలి. పలాస జీడిపప్పు ఉప్పు లేనిది నాలుగు పలుకులైతే సరే. ఇంతా చేస్తే ఉప్పు వల్ల మాత్రమే దిగేది ఒకటో రెండో అంకెలు. అసలు తగ్గించేది బరువు, ఆట.

బరువు గురించి పాప ముందు మాట్లాడేటప్పుడు జాగ్రత్త. ఈ వయసు ఆడపిల్లని ‘లావయ్యావు’ అంటే తిండి మానేస్తుంది, లేదా దాక్కుని తింటుంది. రెండూ చూశాను. పదేళ్ల పిల్లయితే బరువు పెరగకుండా ఆపితే చాలు, పొడవు అందుకుంటుంది. మీ పాపకి నెలసరి మొదలై ఏడాది రెండేళ్లయి ఉంటే పొడవు ఇంక పెద్దగా పెరగదు. కాబట్టి ఆరు నెలల్లో రెండు మూడు కిలోలు, మెల్లగా. తీపి కూల్‌డ్రింకులు, ప్యాకెట్ జ్యూసులు మానడంతోనే అందులో సగం అయిపోతుంది. పండగకి మందస కోవా తింటే ఏమీ కాదు. పండగ నెలకి నాలుగుసార్లు రాకుండా చూసుకోండి.

ఆట విషయంలో నాకు కోపం ఉంది. తొమ్మిదో తరగతికి రాగానే ఆటల పీరియడ్‌లో లెక్కలు చెప్తారు. మగపిల్లలు సాయంత్రం ఏదో ఒక ఖాళీ స్థలంలో బ్యాటు పట్టుకుంటారు, ఆడపిల్లలు ట్యూషన్ నుంచి ట్యూషన్‌కి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన అమ్మాయి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్యం తెచ్చింది. ఆ కరణం మల్లీశ్వరి జిల్లాలోనే ఆడపిల్ల గంటసేపు గెంతితే వింతగా చూస్తారు. పాపకి రోజుకి గంట సేపు ఊపిరి ఎగబీల్చే ఆట కావాలి. సైకిల్ మీద బడికి వెళ్లడం, తాడు గెంతడం, కబడ్డీ, పాటలు పెట్టుకుని డాన్సు చెయ్యడం, ఏదైనా సరే. బీపీ ఉంది కదా ఆడొచ్చా అని అడగొద్దు. ఈ అంకెకి ఆడాలి. రాత్రి ఎనిమిది గంటలైనా నిద్ర ఉండాలి. పొద్దున ఐదింటి ట్యూషన్ ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని మానిపించడానికి బీపీ మంచి సాకు. వాడుకోండి.

పెళ్లి మాట. మీ అత్తగారి మీద నాకు కోపం లేదు, ఆవిడ కాలంలో పిల్లల బీపీ చూసినవాళ్లే లేరు. కానీ దాచడం వల్ల నష్టం పెళ్లికి కాదు, పాపకే. దాచిన ఇంట్లో ఆరు నెలల పరీక్ష వాయిదా పడుతుంది, తర్వాత మరిచిపోతారు, పదేళ్ల తర్వాత గర్భం వచ్చినప్పుడు మొదటిసారి బయటపడుతుంది. గర్భానికి ముందే బీపీ ఎక్కువ ఉన్న ఆడవాళ్లకి ఆ సమయంలో బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే గుర్రపువాతం లాంటి ప్రమాదాలు ఎక్కువ. ముందే తెలిసుంటే డాక్టర్లు మొదటి నెలల నుంచే జాగ్రత్త పడతారు. వీధంతా చాటింపు వెయ్యమనడం లేదు. అంకెలు ఒక పుస్తకంలో రాసి ఉంచండి, తారీఖుతో, ఎవరు చూశారో. అది పాప చేతే రాయించండి. పద్నాలుగేళ్ల పిల్లకి తన ఒంట్లో సంగతి తెలియకుండా మీరూ నానమ్మా గుసగుసలాడుకుంటే, తనకేదో పెద్ద జబ్బని అనుకుంటుంది. నిజం చెప్తే అంత భయం ఉండదు.

ఆరు నెలలు ఆగకుండా వెళ్లాల్సినవి కూడా చెప్తాను. ఎప్పుడైనా సరిగ్గా కూర్చోబెట్టి చూసినా 140/90 దాటితే ఆ వారంలోనే. మూత్రం ఎర్రగా గానీ కాఫీ డికాక్షన్ రంగులో గానీ వచ్చినా, పొద్దున్నే కళ్ల కింద, కాళ్లలో వాపు కనపడినా మర్నాడే. తలనొప్పితో పాటు వాంతులు, చూపు మసకబారడం, ఫిట్స్, ఆయాసం ఉంటే, లేదా అంకె 180/120 దాకా వెళ్తే ఆ పూటే శ్రీకాకుళం పెద్దాసుపత్రికి, అదే మనమంతా రిమ్స్ అని పిలిచేదానికి. ఇవేవీ లేకపోతే, ఆగస్టు చివర డాక్టరుని చూశారు కాబట్టి, ఫిబ్రవరి చివర మళ్లీ వెళ్లండి. అప్పటికీ ఇలాగే ఉంటే ఇంకో ఆరు నెలలు ఇదే దారి. ఏడాదికీ దిగకపోతే గుండె స్కాన్, ఆ ఇరవై నాలుగు గంటల మిషన్.

మీ ఉత్తరంలో మీ వారి బీపీ ఉంది, మామగారి సంగతుంది, అత్తగారి మాటలున్నాయి. మీది ఎంతో రాయలేదు. నిద్ర పట్టడం లేదని మాత్రం రాశారు. ఫిబ్రవరిలో పాపని తీసుకెళ్లినప్పుడు మీరు కూడా ఐదు నిమిషాలు కూర్చుని చెయ్యి చాపండి. ఆ పుస్తకంలో రెండో పేజీ మీకు.